ఒక గర్భిణి అనుమానాలు: ‘రోజ్‌మెరీస్ బేబీ’ నవలా, దాని కాలమూ

ఐరా లెవిన్ వ్రాసిన ‘రోజ్‌మెరీస్ బేబీ’ని మన పాఠకులలో చాలామంది సినిమాగానే ఎరుగుదురు. నవలగా చదివినవారు కూడా దానిని దయ్యాల కథల కింద జమకట్టి పక్కన పెట్టేశారు. దయ్యాన్ని నమ్మనివాళ్లకు దయ్యం కథతో పనేమిటని నేనూ చాలాకాలం అనుకున్నాను. 1967లో న్యూయార్కులో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఈమధ్య మళ్లీ చదివితే, అందులో దయ్యం బహు తక్కువగానూ చరిత్ర చాలా ఎక్కువగానూ కనిపించింది. ఆ చరిత్ర గురించే ఈ వ్యాసం.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. ఒమాహా నగరంలో కాథలిక్ కుటుంబంలో పుట్టిన రోజ్‌మెరీ, పరమతస్థుణ్ణి పెళ్లాడి పుట్టింటికి దూరమై, న్యూయార్కులో కాపురం పెడుతుంది. భర్త గై నటుడు. నాటకాల్లో చిన్న వేషాలు, టెలివిజన్‌లో వ్యాపార ప్రకటనలు అతని జీవనాధారం. బ్రామ్‌ఫర్డ్ అనే పాతకాలపు పెద్ద భవంతిలో వాటా అద్దెకు తీసుకుంటారు. పక్కవాటాలోని కాస్టవెట్ దంపతులు వృద్ధులు, ఆప్యాయంగా మాట్లాడే మనుషులు. వాళ్లతో స్నేహం కుదిరిన కొద్దిరోజులకే గైకి పోటీగా వున్న నటుడికి హఠాత్తుగా చూపు పోయి, అతని వేషం గైకి దక్కుతుంది. అంతవరకూ పిల్లలు ఇప్పుడే వద్దన్న గై తనంతట తానే బిడ్డను కందామంటాడు. అనుకున్న రాత్రి పక్కింటావిడ చేసి పంపిన తీపి పదార్థం తిని రోజ్‌మెరీ మత్తులో పడిపోతుంది. నెల తప్పుతుంది. అప్పటినించీ డాక్టరును మార్చటం దగ్గిరనించి తాగే పానీయం దాకా ఆమె తరఫున ఇతరులే నిర్ణయిస్తారు. ఆమెకు అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం పిచ్చి అని అందరూ అంటారు. చివరకు ఆమె అనుమానించినది నిజమేనని తేలుతుంది. పక్కింటివాళ్లు సైతాను ఆరాధకులు, భర్త తన వృత్తిలో పైకి రావటానికి ఆమె గర్భాన్ని వాళ్లకు ఒప్పజెప్పాడు.

ఈ కథను లెవిన్ ఎప్పుడో ఎక్కడో జరిగినట్టు వ్రాయలేదు. వార్తాపత్రికలు పక్కన పెట్టుకుని వ్రాశాడు. ఆ మత్తు రాత్రి 1965 అక్టోబరు 4. పోపు ఆరో పాల్ న్యూయార్కు వచ్చి ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించిన రోజది. దేవుడు చచ్చిపోయాడా అని అట్ట మీద ప్రశ్న వేసిన 1966 ఏప్రిల్ నాటి ‘టైమ్’ పత్రిక సంచిక డాక్టరు గదిలో రోజ్‌మెరీ కంటపడుతుంది. బిడ్డ పుట్టేది 1966 జూన్ చివర. రచయితే ఇన్ని తేదీలు ఇచ్చినప్పుడు, ఆ తేదీల్లో ఆ దేశంలో గర్భిణుల స్థితి ఏమిటో తెలుసుకోవటం విమర్శకుడి కనీసధర్మం.

మొదట భర్త సంగతి. ఆ రాత్రి గడిచి తెల్లవారాక రోజ్‌మెరీ ఒంటిమీద గోళ్ల గీతలు చూసుకుంటుంది. ఆమె మత్తులో వుండగా తానే కలిశాననీ, అనుకున్న రాత్రి వృథా చేయటం ఇష్టం లేకపోయిందనీ గై నవ్వుతూ చెబుతాడు. ఆమె బాధపడుతుంది, కొన్నాళ్లు ఒంటరిగా వుందామని వెళుతుంది, తిరిగి వస్తుంది. గై చెప్పింది అబద్ధమని మనకు తరువాత తెలుస్తుంది. కాని అతడు అబద్ధంగా ఎన్నుకున్న మాట ఎలాంటిదో చూడండి. నిజాన్ని కప్పిపుచ్చటానికి ఎవడైనా నేరం కాని పనిని ఒప్పుకుంటాడు. స్పృహలో లేని భార్యను కలవటం 1965లో అమెరికాలోని ఏ రాష్ట్రంలోనూ అత్యాచారం కాదు. పెళ్లినాడే స్త్రీ తన్ను తాను భర్తకు ఇచ్చేసుకున్నదనీ, దానిని వెనక్కి తీసుకోలేదనీ 17వ శతాబ్దపు ఇంగ్లీషు న్యాయమూర్తి మాథ్యూ హేల్ వ్రాసిపెట్టాడు. 1736లో అచ్చయిన ఆ మాట సముద్రం దాటి అమెరికన్ న్యాయమైంది. ఈ మినహాయింపును పూర్తిగా ఎత్తివేసిన మొదటి రాష్ట్రం నెబ్రాస్కా, అదీ 1976లో. రోజ్‌మెరీ పుట్టిన ఒమాహా ఆ నెబ్రాస్కాలోదే. తన స్వరాష్ట్రమైనా ఆమె రాత్రిని నేరమని అనటానికి ఇంకా పదకొండేళ్లు పట్టింది. అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక మేరకు ఒప్పుకునేసరికి 1993 అయింది. హేల్ మాట మన దేశానికీ వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలో కుదురుకున్న ఆ మినహాయింపును 2023లో చేసిన భారతీయ న్యాయ సంహితలో కూడా వుంచారు కనక, అమెరికా వాళ్లను చూసి మనం జాలిపడవలసిన అవసరమేమీ లేదు.

గై దుర్మార్గుడని చెప్పి వదిలేయటం తేలిక. నాకు అతడు అంతకన్నా మామూలుగా కనిపిస్తాడు. వేషం దొరికితే మనిషి, దొరక్కపోతే ఎవరికీ అక్కర్లేని సరుకు. నటుడి బతుకు అంతే. అమ్ముకోవటానికి తనదంటూ ఏమీ మిగలని మనిషి, చట్టం తనదన్న మరొక శరీరాన్ని అమ్మకానికి పెట్టాడు. ఎంగెల్స్ కుటుంబం గురించి వ్రాసిన గ్రంథం లెవిన్ చదివాడో లేదో కాని, సంసారం ఆస్తిసంబంధం కూడా అన్న సంగతిని ఇంత పచ్చిగా చూపిన జనరంజక నవల మరొకటి నా ఎరికలో లేదు. బిడ్డ పోయిందని ఆమెను నమ్మించాక గై ముందుకు రాబోయే సినిమా అవకాశాల గురించి మాట్లాడతాడు. ఆ పేజీ దగ్గిర కలిగిన ఏవగింపు నాకు సైతాను దగ్గిర కలగలేదు.

ఇక డాక్టరు. నవలకు అసలు కీలకం ఇక్కడ వున్నది. రోజ్‌మెరీ మొదట వెళ్లిన డాక్టర్ హిల్ కుర్రవాడు. కాస్టవెట్లు ఆమెను డాక్టర్ సాపర్‌స్టీన్ దగ్గిరికి మారుస్తారు. ఆయన సంపన్నుల కాన్పులు చేసిన ఘనుడు. ఆయన మొట్టమొదట ఇచ్చే ఆజ్ఞలు రెండు: పుస్తకాలు చదవవద్దు, స్నేహితురాళ్ల మాట వినవద్దు. ఏ ఇద్దరి గర్భమూ ఒకలా వుండదు కనక ఇతరుల అనుభవం పనికిరాదట. నొప్పి గురించి చెబితే రెండు రోజుల్లో పోతుందంటాడు. నెలలు గడుస్తాయి. ఒక విందులో ఆమె స్నేహితురాళ్లు వంటగదిలో ఆమె చుట్టూ చేరి, తలుపు వేసి, ఇంత నొప్పి మామూలు కాదే పిల్లా, ఇంకో డాక్టరుకు చూపించుకో అని పట్టుబడతారు. నాలుగు గోడల మధ్య నలుగురు ఆడవాళ్లు నిజం మాట్లాడుకునే ఆ ఘట్టం నవలలో చాలా చిన్నది. దానిని ఆలోచించి పెట్టాడనే నా నమ్మకం.

చదవవద్దు అన్న ఆజ్ఞ లెవిన్ కల్పన కాదు. 19వ శతాబ్దం చివర ఫిలడెల్ఫియాలో వీర్ మిచెల్ అనే ప్రసిద్ధ వైద్యుడు ‘విశ్రాంతి చికిత్స’ పేరిట స్త్రీలను మంచాన పడుకోబెట్టి, రాతకోతలూ చదువూ మాన్పించేవాడు. ఆయన చికిత్సకు గురైన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ ఆ అనుభవంలోనించే 1892లో ‘ద ఎల్లో వాల్‌పేపర్’ కథ వ్రాసింది. అక్కడ భర్తా వైద్యుడూ ఒకడే. ఇక్కడ ఇద్దరు, కాని ఇద్దరిదీ ఒకే మాట. ఈ 75 ఏళ్లలో ఆడదాని నోరు మూయించే పద్ధతిలో వచ్చిన ప్రగతి అంతే.

నేను వైద్యశాస్త్రానికి విముఖుణ్ణి కాను. 1915లో అమెరికాలో లక్ష కాన్పులకు 600 మందికి పైగా తల్లులు చనిపోయేవారు. 1960 నాటికి ఆ సంఖ్య 40 లోపుకు దిగింది. శాస్త్రం చేసిన ఈ మేలును కాదనేవాడు మూర్ఖుడు. అయితే ఆ మేలుతోపాటే వచ్చిన అధికారాన్ని కూడా చూడాలి. 1940లో నూటికి 56 కాన్పులు ఆసుపత్రుల్లో జరిగితే, 1969లో 99 జరిగాయి. ఒకే తరంలో పురుడు ఇంటినించి సంస్థకు వెళ్లిపోయింది. ఆ సంస్థలో చాలాకాలం స్త్రీకి స్కోపొలమైన్, మార్ఫీన్ కలిపి ఇచ్చేవారు. దానిని ‘ట్వైలైట్ స్లీప్’ అన్నారు, మునిమాపు నిద్ర. ఆ మందు నొప్పిని పూర్తిగా పోగొట్టేది కాదు, జ్ఞాపకాన్ని పోగొట్టేది. స్త్రీలు అరిచేవారు, గింజుకునేవారు, మంచానికి కట్టివేయబడేవారు, తెల్లవారి ఏదీ గుర్తుండేది కాదు. విషాదమేమంటే 1914 ప్రాంతంలో ఈ మందు కావాలని ఉద్యమం నడిపింది అమెరికన్ స్త్రీలే. నొప్పినించి విముక్తి హక్కు అనుకున్నారు, తప్పేమీ లేదు. విముక్తి పేరిట తమ కాన్పులో తామే లేకుండా పోతామని అనుకోలేదు. 1957లో ‘లేడీస్ హోమ్ జర్నల్’ అనే పెద్ద పత్రికకు ఒక నర్సు ప్రసూతి గదుల్లో జరిగే క్రూరత్వం గురించి వ్రాసింది. ఆ వుత్తరం అచ్చు కాగానే తల్లుల వుత్తరాలు వచ్చిపడ్డాయి. కట్టివేతల గురించీ, డాక్టరు వచ్చేదాకా బిడ్డను బయటికి రానివ్వకుండా ఆపటం గురించీ చెప్పిన ఆ వుత్తరాలను 1958 మేలో పత్రిక ప్రకటించింది.

ఇది తెలిసి నవల చివరిభాగం చదవండి. రోజ్‌మెరీకి సూదిమందు ఇస్తారు. ఆమె అరుస్తుంది, పట్టుకుంటారు. తెలివి వచ్చాక బిడ్డ చనిపోయిందంటారు. ఏం జరిగిందో ఆమెకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. 1967లో ఆ పేజీలు చదివిన లక్షలాది స్త్రీలకు మంత్రగత్తెలు తెలియకపోవచ్చు గాని, ఆ మంచం తెలుసు.

కాస్టవెట్టావిడ రోజూ తెచ్చి ఇచ్చే పానీయం సంగతి చూద్దాం. కడుపుతో వున్న పిల్లకు ఇరుగుపొరుగు పెద్దముత్తయిదువలు ఏదో ఒకటి చేసి పెట్టటం మనకూ తెలిసిన మర్యాదే. దుకాణంలో దొరికే మాత్రలకన్నా ఈ మూలికల రసం మంచిదని సాపర్‌స్టీన్ చెబుతాడు. అందులో ఏమున్నదని ఆమె అడిగితే వేళాకోళపు జవాబు వస్తుంది. ఆ రోజుల్లో నిజమైన గర్భిణులు నిజమైన డాక్టర్ల చేతిమీదుగా ఏం తాగారో చెప్పనివ్వండి. 1938లో తయారయిన డైఈథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ హార్మోనును గర్భస్రావం కాకుండా కాపాడుతుందని 1940ల నించీ లక్షలమందికి ఇచ్చారు. షికాగోలో 1950లలో దానిని పరీక్షించారు. తాము మింగుతున్నదేమిటో తమకు చెప్పలేదని ఆ పరీక్షకు లోబడిన స్త్రీలు తరువాత కోర్టుకెక్కారు. మందువల్ల ఏ ప్రయోజనమూ లేదని 1953లోనే ఆ పరీక్షలో తేలింది. అయినా అమ్మకం ఆగలేదు. 1971లో బోస్టను వైద్యులు, పడుచుపిల్లల్లో ఎన్నడూ చూడని ఒక యోని కాన్సరును ఎనిమిదిమందిలో కనుగొన్నారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భిణులుగా ఆ మందు వాడినవారే. నేను కడుపుతో వున్నప్పుడు వేసుకున్న మందువల్లనా ఇది అని మొదట అడిగింది ఆ తల్లుల్లో ఒకామె. ఆ ప్రశ్నను ఒక వైద్యుడు పిచ్చి కింద కొట్టివేయకపోవటంవల్ల విషయం బయటపడింది. నవల వచ్చిన నాలుగేళ్లకు.

థాలిడొమైడ్ కథ అందరికీ తెలిసినదే కనక వివరించను. 1957నించి 1961 దాకా పశ్చిమ జర్మనీలో విచ్చలవిడిగా అమ్ముడుపోయిన ఆ నిద్రమాత్ర ప్రపంచంలో వేలమంది పసివాళ్లను అంగవికలులను చేసింది. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే ప్రభుత్వాధికారిణి కంపెనీ వత్తిడికి లొంగకుండా అనుమతి నిరాకరించింది. ఆమెను కూడా మొదట అనవసరంగా అనుమానించే మనిషి అన్నారు. కడుపులో పెరుగుతున్నది ఏ రూపంలో బయటికి వస్తుందోనన్న భయం 1962 తరువాత మూఢనమ్మకం కాదు, దినపత్రికలో వార్త. ఆ ఏడు అరిజోనాలో షెర్రీ ఫింక్‌బైన్ అనే టెలివిజన్ కళాకారిణి, నలుగురు పిల్లల తల్లి, ఆ మాత్ర వేసుకున్నట్టు తెలిసి గర్భస్రావం కోరితే దేశంలో వీలుపడక స్వీడన్ వెళ్లవలసి వచ్చింది. కాథలిక్‌గా పెరిగిన రోజ్‌మెరీ మాత్రం గర్భస్రావం అన్న మాటే సహించదు. ఆమె నమ్మకం ఆమెది. కాని సహించినా దారి లేదన్నది గమనించాలి. చట్టాన్ని సడలించిన మొదటి రాష్ట్రం కొలరాడో, 1967లో. దేశమంతటికీ ఆ హక్కు 1973లో వచ్చింది, 2022లో సుప్రీంకోర్టే దానిని తీసివేసింది.

నవలలో నాకు అన్నిటికన్నా భయం కలిగించిన ఘట్టం తొట్టి దగ్గిరిది కాదు, డాక్టర్ హిల్ గదిలోది. రోజ్‌మెరీ నిండుచూలాలు. జూన్ ఎండలో టెలిఫోను పెట్టెలో నిలబడి హిల్‌ను బతిమాలి, అతని దగ్గిరికి వెళ్లి అంతా చెబుతుంది. అతడు శ్రద్ధగా వింటాడు. ఆసుపత్రిలో చేరుస్తానంటాడు, పడుకోమంటాడు. ఆమె హాయిగా నిద్రపోతుంది. లేచేసరికి గదిలో సాపర్‌స్టీనూ గైయూ వున్నారు. హిల్ వాళ్ల ముఠాలోవాడు కాదు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. ఒక ఆడది చెప్పింది ఒక పెద్ద డాక్టరూ ఒక భర్తా చెప్పినదానికి విరుద్ధంగా వున్నప్పుడు ఎవరికి ఫోను చేయాలో అతనికి సందేహమే కలగలేదు. సైతాను ముఠా లేకపోయినా ఈ సన్నివేశం అక్షరం మారకుండా జరిగేదే.

ఇంతవరకూ లెవిన్‌ను మెచ్చుకున్నాను. ఇప్పుడు అతనితో నా తగాదా.

ఆ కాలంలో స్త్రీ గర్భాన్ని ఆమెకు తెలియకుండా ఇతరులు వాడుకున్న ఘోరాల్లో అతిపెద్దవి తెల్లవాళ్ల అద్దెవాటాల్లో జరగలేదు. 1961లో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ అనే నీగ్రో వ్యవసాయ కూలీ గర్భసంచిలో కంతి తీయించుకోవటానికి ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు ఆమెను అడగకుండా గర్భసంచినే తీసివేశాడు. ఆ సంగతి ఆమెకు తరువాత పరుల నోట తెలిసింది. తమ ప్రాంతంలో నల్లజాతి స్త్రీలకు ఇది మామూలని పౌరహక్కుల నాయకురాలిగా ఆమె 1964లో బహిరంగంగా చెప్పింది. గర్భనిరోధక మాత్రను జనం మీద పెద్ద ఎత్తున పరీక్షించింది 1956లో పోర్టోరికో పేదస్త్రీల మీద. ఆ దీవిలో 1965 నాటికి తల్లుల్లో సుమారు మూడోవంతు మందికి సంతానం కలగకుండా శస్త్రచికిత్స జరిగివుంది. 1973లో అలబామాలో 14, 12 ఏళ్ల అక్కచెల్లెళ్లకు కూడా అదే చేశారు. అక్షరాలు రాని తల్లి కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. రోజ్‌మెరీ భయం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. హేమర్ భయం నవల కాలేదు. దానికి లెవిన్ ఒక్కణ్ణీ తప్పుపట్టను, అచ్చుయంత్రాలు ఎవరివో మనకు తెలుసు. అయినా బ్రామ్‌ఫర్డ్ గోడలు ఎంత మందమైనవో గుర్తుంచుకోవాలి.

రెండోది ఇంకా గట్టి తగాదా. నిజమైన భయాన్ని పట్టుకుని, దానికి అబద్ధపు కర్తను నిలబెట్టాడు. భర్త, డాక్టరు, చట్టం, మందుల వ్యాపారం చేసిన పనిని సైతానుకు అంటగట్టాడు. అంతేకాదు, పసిబిడ్డల కోసం రహస్యంగా కూడే ముఠా అన్నది ఐరోపాలో శతాబ్దాల తరబడి యూదుల మీద మోపిన అపనింద. మూలికలు తెలిసిన ముసలావిడ సైతాను దాసి అన్నది వేలమంది స్త్రీలను చంపించిన ఆరోపణ. 1486 ప్రాంతంలో వచ్చిన ‘మాలియుస్ మాలెఫికారుం’ అనే గ్రంథం మంత్రసానులను ప్రత్యేకించి దూషించింది. మంత్రగత్తెలన్న ముద్రపడినవాళ్లంతా మంత్రసానులేనని 1970లలో కొందరు స్త్రీవాదులు వాదించారు. చరిత్రకారులు దానిని ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. కాని బలి అయినవాళ్లలో అత్యధికులు స్త్రీలన్నది నిర్వివాదం. నవలలో వాళ్లు బలులు కారు, బలి ఇచ్చేవాళ్లు. యూదుకుటుంబంలో పుట్టిన లెవిన్ ఈ తలకిందుల వ్యవహారాన్ని తెలిసి చేశాడని నేననను. కాని 1980లలో అమెరికాలో శిశుపాఠశాలల్లో సైతాను పూజలు జరుగుతున్నాయన్న వెర్రి రేగి, ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ కేసు 1983లో మొదలై 1990లో ఒక్క శిక్షా లేకుండా ముగిసింది. తాను నమ్మని సైతాను మీద ఒక తరానికి నమ్మకం పెంచినందుకు 2007లో చనిపోవటానికి కొద్దియేళ్ల ముందు లెవినే బాహాటంగా నొచ్చుకున్నాడు. అంత నిజాయితీ మన భయానక రచయితల్లో నేను చూడలేదు.

1968 సినిమా గురించి ఎక్కువ చెప్పను. నవలను ఇంచుమించు పేజీకి పేజీగా అనుసరించిన మంచి చిత్రం. దానిని తీసిన పొలాన్‌స్కీ ఒక మైనరు బాలికతో అక్రమంగా సంభోగించిన నేరాన్ని 1977లో ఒప్పుకుని, 1978లో దేశం విడిచి పారిపోయాడు. ఆ చిత్రం చూసేటప్పుడు ఇది మరచిపొమ్మని ఎవరైనా అంటే నాకు చేతకాదు.

చివరి అధ్యాయంలో రోజ్‌మెరీ కత్తి పట్టుకుని పక్కవాటాలోకి వెళుతుంది, నల్లటి తొట్టిలో బిడ్డను చూస్తుంది. చంపాలనుకుంటుంది, చంపలేకపోతుంది. మాతృత్వం గెలిచిందని మురిసిపోయిన విమర్శకులు వున్నారు, లొంగిపోయిందని విసుక్కున్నవారూ వున్నారు. నాకు అక్కడ పట్టుబడినది పేరు గురించిన పేచీ. రోమన్ కాస్టవెట్ తన తండ్రి పేరు పెట్టాడు. కాదు, వీడి పేరు ఆండ్రూ అంటుంది రోజ్‌మెరీ. నా బిడ్డ, నేను పెట్టుకున్న పేరు అంటుంది. వాళ్లు ఒప్పుకుంటారు. తొమ్మిది నెలల్లో ఆమె మాట నెగ్గింది ఆ ఒక్కసారే.

ఆ బిడ్డ పుట్టిన 1966 జూన్ నెల 30వ తేదీన వాషింగ్టన్‌లో జాతీయ మహిళా సంస్థ పుట్టింది. మూడేళ్లకు, 1969లో, బోస్టనులో జరిగిన స్త్రీల సమావేశంలో కొందరు తాము చూసిన డాక్టర్ల గురించి మాట్లాడుకున్నారు. తమ మాట వినే మంచి డాక్టర్ల జాబితా తయారు చేద్దామనుకుంటే జాబితా తయారు కాలేదు. తామే వైద్యగ్రంథాలు చదవటం మొదలుపెట్టారు, తలా ఒక విషయం తీసుకుని వ్రాశారు, తమ కాన్పుల అనుభవాలు అందులో చేర్చారు. 1970లో 193 పేజీల పుస్తకాన్ని వార్తాపత్రికల కాగితం మీద అచ్చువేసి అమ్మారు. ధర 75 సెంట్లు.